తడిసిన గీత

జయరాముడు నాలుగేళ్లుగా ఎదురుచూసిన తుఫాను వచ్చిపోయింది. చుక్క వాన పడలేదు, చెట్టు మీద ఆకు కదలలేదు. హిందూపురం మార్కెట్టులో బెల్లం బండ్లు ఎప్పటిలాగే వచ్చి దిగాయి. అది సూర్యుడి మీద పుట్టి, భూమికున్న అయస్కాంత శక్తిని కుదిపిపోయే తుఫాను. అలాంటిది వచ్చినట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు.

అతను హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీకి చేరాడు. మన తలల మీద ఎంతో ఎత్తున ఐనోస్ఫియర్ అనే పొర ఒకటి ఉంది. దూరపు రేడియో అలలు దానికి తగిలి కిందికి వస్తేనే మనకు అందుతాయి. సూర్యుడి తుఫాను తగిలితే ఆ పొర చెదిరి, అలల బలం తగ్గుతుందని చలి దేశాలవాళ్లు రాసిన పుస్తకాల్లో ఉంది. మరి ఈ ఎండల సీమలో కూడా తగ్గుతుందా, లేక పెరుగుతుందా? అతని చదువంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది.

హిందూపురంలో మోటార్ల గోల ఎక్కువని, పెనుకొండలో కొండ కింద ఆదెప్ప ఇంట్లో ఒక గది తీసుకున్నాడు. ఆదెప్ప గొర్రెలు కాస్తాడు. అతని భార్య తిప్పమ్మ గదికి కాపలా. గదిలో ఒక రేడియో, దానికి కలిపి ఒక రికార్డరు. ఢిల్లీ నుంచి రాత్రింబగళ్లు వేళ చెప్పే స్టేషన్ ఒకటి ఉంది. దాని బలం ఎంతుందో రికార్డరులోని పెన్ను కాగితం మీద గీస్తూ పోతుంది. గీసిన కాగితం మడతలు మడతలుగా కింద అట్టపెట్టెలోకి దిగుతుంది.

"పాట పాడదు, వార్తలు చెప్పదు. ఇదేం రేడియో అప్పా?" అనేవాడు ఆదెప్ప. జయరాముడు నవ్వి ఊరుకునేవాడు. చెప్పినా వీళ్లకు అర్థం కాదులే అని అతని ఉద్దేశం.

సూర్యుడు పదకొండేళ్లకోసారి బాగా రేగుతాడు. ఆ ఏడు రెండు వేల సంవత్సరం, రేగే కాలం. కానీ జయరాముడి రాత చూడండి. ఒక తుఫానుకు కోతి వచ్చి ఏరియల్ తీగ తెంచింది. ఏప్రిల్లో వచ్చినదానికి, ఎండకు పెన్నులో సిరా గడ్డకట్టింది. అందుకే ఈసారి రికార్డరు సిరా మానేసి, పలచగా ఉంటుందని పిల్లలు బడిలో రాసుకునే నీలం సిరా పోశాడు.

జూలై నెల, శనివారం పొద్దున ఇంటర్నెట్ సెంటర్లో చూశాడు. సూర్యుడి మీద పెద్ద మంట లేచింది, ఒకటి రెండు రోజుల్లో దాని దెబ్బ భూమికి తగులుతుంది. పరుగున పెనుకొండ వెళ్లి కొత్త కాగితం ఎక్కించాడు, పెట్టె ఖాళీ చేశాడు.

"తిప్పమ్మక్కా, మూడు దినాలు మిషన్‌ను ముట్టుకోవద్దు. దాని మీద ఒక్క చుక్క నీళ్లు పడకూడదు."

"నేను చూసుకుంటా పో సారూ," అంది తిప్పమ్మ.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ చూస్తే, తుఫాను రాత్రే తగిలి పొద్దున పదికల్లా సద్దుకుంది. వెంటనే పెనుకొండ వెళ్లాలనుకున్నాడు. ఆ సాయంత్రం చంద్రగ్రహణం. భార్య రాధకు అయిదో నెల.

"కడుపుతో ఉండేదాన్ని గ్రహణం నాడు ఒంటిగా ఇడిసి పోతాండారా? మీ పుస్తకాల్లో అట్ల రాసినారా?"

గ్రహణమంటే భూమి నీడేనని ఏటా బోర్డు మీద గీసి పాఠం చెప్పేది అతనే. అయినా ఆగిపోయాడు. తలుపులు మూసుకుని రాధ పక్కన కూర్చుని, విడిచేదాకా నరసింహస్వామిని తలుచుకున్నాడు. అలా తలుచుకోవడం తప్పని అతనికి తోచలేదు. తప్పు కానప్పుడు, పనిని వదిలేశానన్న ఈ గుబులు ఎందుకో కూడా తెలియలేదు.

సోమవారం పొద్దున ప్యాసింజరు దిగి ఆదెప్ప ఇంటి మలుపు తిరిగేసరికి జయరాముడు ఆగిపోయాడు. పెరట్లో బట్టలారేసే తాడు మీద, చీర ఆరేసినట్టు, ఎనిమిది అడుగుల కాగితం వేలాడుతోంది. సగం దాకా నీలం మరక.

"వచ్చినావా సారూ!" తిప్పమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "గ్రహణం ఇడిసినాక ఇల్లు కడగల్ల గదా. గదిలో గూడా నాలుగు బిందెలు పోసి కడిగినా. నువ్వు చెప్పినట్లే మిషన్ మీద చుక్క పడనియ్యలే. యూరియా సంచి కప్పి కడిగినా. కావల్లంటే చూడు పో!"

అతను చూశాడు. మిషన్ పొడిగా, క్షేమంగా, కొత్త పెళ్లికొడుకులా ఉంది. పెన్ను హాయిగా గీస్తోంది. కింద అట్టపెట్టె మాత్రం నాని చతికిలబడింది. ముందు గీసిన కాగితం అడుగున ఉంటుంది. శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దున పది దాకా, అంటే తుఫాను ఉన్నంతసేపూ, అంతా అడుగునే.

"కాగితం? కాగితం ఎందుకు తడిపినావు?"

"అది మిషన్ ఎంగిలి అనుకుంటి సారూ. తిని కింద పడేస్తాది గదా. అయినా పారెయ్యలే, చింపి ఆరేసినా."

"ఎంగిలా! నాలుగేళ్లు! నాలుగేళ్లు దీని కోసమే సచ్చినా నేను! నీకు బుద్ధుండాదా?"

ఆదెప్ప దొడ్డిలోంచి వచ్చాడు. "ఏమప్పా, ఆడమనిషి మీద అట్ల అరుస్తాండావు? మిషన్ జాగ్రత్త అన్యావు, చూసింది. కాగితం జాగ్రత్త అని యాడన్నా అన్యావా?"

అనలేదు. ఆ మాట చురుక్కున తగిలి అతనికి ఇంకా మండింది. గ్రహణం మీద, రాధ మీద, బడిపిల్లల సిరా మీద, అన్నిటికంటే తన మీద. కాగితాన్ని తాడు మీదే వదిలేసి స్టేషనుకు నడిచి, దొరికిన బండెక్కి ధర్మవరం పోయాడు.

ధర్మవరంలో అతని పీహెచ్‌డీ గైడు మల్లికార్జునయ్య ఉంటాడు. రిటైరయ్యాడు కానీ ఆయన సంతకం లేకుండా థీసిస్ కదలదు. కథంతా విని ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"డిసెంబరుతో నీ గడువు అయిపోతాది. యూనివర్సిటీవాళ్లు ఒకసారి పొడిగించినారు. మళ్లీ అడిగితే ఇస్తారని నమ్మకం లేదు."

"మరి ఏం చేసేది సార్?"

"తుఫాను వచ్చింది నిజమే గదా? వస్తే బలం తగ్గుతాదని లోకానికంతా తెలుసు. మరక కత్తిరించేసి, కొత్త కాగితం మీద గీత గీసి కలిపేయ్. నువ్వేమన్నా లేనిది పుట్టిస్తాండావా?"

జయరాముడు లేచి దణ్ణం పెట్టి వచ్చేశాడు. దారి పొడవునా ఆ మాట వెంట వచ్చింది. బస్టాండులో పెనుకొండ బస్సు కోసం నిలబడి ఉన్నంతసేపూ వేలు గాల్లో గీతలు గీస్తూనే ఉంది. ఇక్కడ పడుతుంది, ఇక్కడ తేలుతుంది. ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం పెనుకొండకు వచ్చేసరికి తిప్పమ్మ కాగితాన్ని తీసి, ముడతలు పోయేలా చాప కింద పెట్టి ఉంచింది. తెచ్చి ముందు పరిచింది. అతను వరండాలో కూర్చుని కొత్త కాగితం, పెన్ను, స్కేలు తీశాడు.

మరక అంచు దగ్గర అతని కన్ను ఆగింది. ఆదివారం పదింటికి గీత నీలంలోంచి బయటికి వస్తోంది. వచ్చేటప్పటికి రోజూ ఉండేచోటు కంటే కొంచెం పైన ఉంది. కింద కాదు, పైన. పడిపోయి లేచిందా? లేక ఎక్కడో ఆకాశానికెక్కి దిగుతోందా? నీలం మరక నోరు విప్పలేదు.

తిప్పమ్మ పక్కన గొంతుక్కూర్చుంది.

"ఇంతకూ ఆ గీత ఏంది సారూ?"

పొద్దున్న అరిచిన అరుపుకు సిగ్గుపడి, మొదటిసారి ఆమెకు చెప్పాడు. ఢిల్లీ నుంచి అల బయల్దేరడం, పైన పొరకు తగిలి ఈ ఇంటికి దిగడం, సూర్యుడి తుఫాను, పెన్ను. ఆమె మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది. రెండూ క్లాసులో ఎవరూ వేయనంత మంచివే.

"అంటే నిన్న మొన్న పైన ఏం జరిగిందో ఇది రాసి పెట్టినాది. నేను కడిగేస్తి."

"ఊఁ."

ఆమె చెయ్యి చాపింది. "ఆ పెన్ను ఇట్లియ్యి. నేను జేసిన తప్పు నేనే దిద్దుతా. ముగ్గు ఏస్తే మా వీధిలో నా చెయ్యే చెయ్యి. కాలు తగిలి ముగ్గు చెరిగితే కలపడంల్యా? ఇది ఈడ లేచింది గదా. ఈడి నుంచి ఆ కొస దాకా నున్నగా తీసుకుపోతా. ఎవురికీ ఆనవాలు దొరకదు."

జయరాముడికి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగింది. గైడు అన్నదీ ఇదే. దారంతా తన వేలు చేసిందీ ఇదే. ఆమె చెయ్యి చాపి అడిగితే గానీ అది ఎలా ఉంటుందో కనబడలేదు.

"వద్దక్కా."

"యాల? నీ అంత సదువు ల్యాకపోయినా గీత గీసేకి వస్తాది సారూ!"

"నీకు రాదని కాదు. పైకి పోయిందో కిందికి పోయిందో నాకే తెలీదు. తెలుసుకోవాలనే గదా ఇదంతా పెట్టింది."

"మళ్లా వస్తాదా ఆ తుఫాను?"

"ఇంత పెద్దది వస్తుందో రాదో. వచ్చినా డిసెంబరు లోపల రావాలని లేదు."

"అయితే నీ పని?"

అతను ఆమె పోసిచ్చిన రాగి అంబలి తాగి, కాగితం చుట్టి సంచిలో పెట్టుకుని స్టేషనుకు బయల్దేరాడు. వెనక నుంచి ఆదెప్ప, "ఏమప్పా, కోపం పోయిందా?" అని కేకేశాడు. "పోలేదన్నా," అన్నాడు జయరాముడు. అది నిజమే.

బండి నలభై నిమిషాలు లేటన్నారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, ఇంకో ఏడాది గడువు కోరుతూ అర్జీ రాయడం మొదలుపెట్టాడు. ఇస్తారన్న నమ్మకం లేదు. గైడు సంతకం పెడతాడన్న నమ్మకమూ లేదు. కారణం రాయాల్సిన చోట, 'గది కడగడం వల్ల రికార్డు చెడిపోయింది' అని రాశాడు. చదివి కొట్టేశాడు. 'నా అజాగ్రత్త వల్ల రికార్డు తడిసింది' అని రాశాడు. దాని కింద ఇంకో వాక్యం రాయాలి. చాలాసేపు పట్టింది. దూరాన బండి దీపం కనబడేవేళకు రాయగలిగాడు.

'పెద్ద తుఫాను నాడు అలల బలం తగ్గిందో పెరిగిందో నేను చెప్పలేను.'