మళ్ళీ అదే అద్దం

అద్దాలమ్మ ముందు అబద్ధం నిలవదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆవిడది కళ్ళద్దాల షాపు. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం వేసి "ఇదెలా ఉంది?" అంటుంది. అది తీసి ఇంకోటి వేసి "ఇదో?" అంటుంది. మనవాళ్ళు మొహమాటస్తులు కదా! పెద్దావిడ అంత శ్రమపడి మారుస్తుంటే బాగాలేదని ఎలా అంటామని, "ఆ, ఇది ఇంకా బాగుందండీ" అనేస్తారు. అందుకే ఆవిడ మధ్యలో ఒకసారి అద్దం తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ అదే అద్దం వేస్తుంది. "ఇప్పుడో?" అని అడుగుతుంది. "అబ్బో, ఎంత తేడా!" అన్నవాళ్ళ మాట ఆ పూటకి ఇక నమ్మదు. మంచినీళ్ళిచ్చి, కాసేపు కూర్చోబెట్టి, మొదటినుంచీ మొదలుపెడుతుంది.

ఈ కిటుకు ఆవిడకి భర్త నేర్పాడు. ఆయన పోయాక ఆవిడ కోడలికి నేర్పింది. కొడుక్కి నేర్పుదామన్నా వాడు చేసేది గూడ్సు రైలు నడిపే ఉద్యోగం, ఇంటికొచ్చేదే నిద్రపోవడానికి. కాబట్టి ఇల్లన్నా షాపన్నా ఈ ఇద్దరు ఆడవాళ్ళే.

ఆ కోడలు ఇంటికి కాపురానికొచ్చిందో, షాపుకి కాపురానికొచ్చిందో చెప్పడం కష్టం. వచ్చిన ఏడాదిలోపే పరీక్ష పెట్టె సంచిలో వేసుకుని బడులకీ, ముసలివాళ్ళుండే ఆశ్రమాలకీ తనే వెళ్ళి కళ్ళు చూడడం మొదలుపెట్టింది. ఒక గది షాపు రెండు గదులయింది. "ఇలాంటివి ఇంకో నాలుగు పెట్టొచ్చు అత్తయ్యా, ఎలా పెట్టాలో నాకు తెలియదు, అంతే" అంటుండేది. తెలియదన్న మాట ఏ సిగ్గూ లేకుండా అనగలగడం అద్దాలమ్మకి భలే నచ్చేది. ఆ తెలియనిది తెలుసుకోవడానికే కోడలు బిజినెస్ స్కూల్లో చేరతానంది. చేరమంది అద్దాలమ్మ. అప్పటికి అది ఎక్కడో గాల్లో ఉన్న మాట కాబట్టి, చేరమనడం తేలికే అయింది.

ఇక అక్కణ్ణుంచి ఇంట్లో ఎప్పుడు చూసినా ఫోను వీడియోల్లో ఒకాయన సీటు ఎలా సంపాదించాలో సలహాలు చెబుతూ ఉండేవాడు. ఆయనకి అద్దాలమ్మ 'సలహాల సారు' అని పేరు పెట్టింది. ఒక్కచోటికే అప్లికేషన్ పెట్టుకుని కూర్చోవద్దు, ఒకటి కలల్లోది, ఒకటి అందేది, ఒకటి చేతిలో ఉన్నది చూసుకోండి అనేవాడు. అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో గొప్పలు చెప్పుకోవద్దు, చేసిన పని చెప్పండి అనేవాడు. అంత విన్నా కోడలు మొదట రాసిన వ్యాసం చదివి అద్దాలమ్మ, "ఇది రాసిందెవరమ్మా, నువ్వా, మైకు దొరికిన మంత్రిగారా?" అంది. కోడలు ఆ పూటంతా మూతి ముడుచుకుని తిరిగింది. మర్నాడు అదంతా కొట్టేసి పిల్లల ఫ్రేముల సంగతి రాసింది. రంగులు చూసి మురిసిపోయి పిల్లల ఫ్రేములు కుప్పలుగా తెప్పించిందా, అవి ముక్కు మీద బరువై, పరిగెత్తితే జారిపోయి, ఒక్క పిల్లా పెట్టుకోలేదు. ఇప్పుడు ఏ ఫ్రేము కొనాలన్నా ముందు పిల్లలకి పెట్టి వీధిలోకి ఆడుకోవడానికి తోలేస్తుంది. ఆ వ్యాసం చదివి అద్దాలమ్మ, ఇంకోసారి పైకి చదివి వినిపించమంది.

అప్లికేషన్ పెట్టిన మూడు చోట్లలో, అందుతుందనుకున్న చోట సీటు రాదని చెప్పేశారు. ఊళ్ళోనే ఉన్న సాయంత్రం కాలేజీ సీటిచ్చేసింది. కలల్లోని స్కూలు మాత్రం ఇంటర్వ్యూకి పిలిచింది. అది రాత్రంతా రైల్లో వెళితే తప్ప చేరలేని ఊరు, రెండేళ్ళ చదువు, అక్కడే ఉండాలి. అక్కడ పెద్ద రైలు యార్డు ఉందట, కావాలంటే కొడుకు కూడా బదిలీ పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి కూడా, మొగుడూ పెళ్ళాలు చెరో దిక్కున ఉంటారా? అంతా సవ్యంగానే ఉంది. ఒక్కటే చిక్కు. వాళ్ళిద్దరూ అక్కడుంటే ఇక్కడ మిగిలేది అద్దాలమ్మా, గోడ గడియారమూ. ఆ దిగులు ఆవిడ ఎవరితోనూ అనలేదు. అంటే కాళ్ళకి అడ్డం పడ్డట్టవుతుందని లోపలే దాచుకుంది.

సరిగ్గా అప్పుడే కోడలు మాట మార్చింది. ఆలోచిస్తే సాయంత్రం కాలేజీయే నయమనిపిస్తోందట. ఇంటర్వ్యూకి మాత్రం వెళ్ళొస్తుందట, పిలిచినవాళ్ళకి మర్యాద కదా అంది. అది విన్న క్షణంలో అద్దాలమ్మకి గుండె మీంచి బండ దింపినట్టయింది. ఆ సంతోషంలో, ఎందుకు మాట మార్చావని అడగడమే మర్చిపోయింది.

ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కోడలు వచ్చి పక్కన కూర్చుంది. సలహాల సారు ఆఖరి సలహా ఒకటి చెప్పాడట. ఇంటర్వ్యూ ముందు ఎవరితోనైనా ప్రశ్నలడిగించుకోవాలి, వాళ్ళకి మన మీద ఏ ప్రేమా ఉండకూడదు అన్నాడట. మీరైతే సరిపోతారు అత్తయ్యా అంది. ప్రేమ లేనివాళ్ళు కావాలంటే అత్తగారి దగ్గరికే రావడం లోకం తీరేననీ, అందులో కోడలి తప్పేమీ లేదనీ అద్దాలమ్మ ఒప్పుకుంది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

సరే, ఆట మొదలైంది. అద్దాలమ్మ డ్రాయరులోంచి అద్దాల్లేని ఉత్త నల్ల ఫ్రేము తీసి పెట్టుకుంది, అధికారం కోసం. కోడలు బయటికెళ్ళి, తలుపు తట్టి లోపలికొచ్చింది. "రండి, కూర్చోండి" అంది అద్దాలమ్మ. అత్తగారి నోట ఆ 'అండీ' వినేసరికి కోడలికి నవ్వాగలేదు. నవ్వేవాళ్ళకి మా స్కూల్లో సీట్లు లేవండీ అనేసరికి సర్దుకుంది.

షాపు సంగతి అడిగితే చక్కగా చెప్పింది. ఓడిపోయిన సంగతి అడిగితే పిల్లల ఫ్రేముల గురించి దాచకుండా చెప్పింది. "మా స్కూలుకే ఎందుకు రావాలని?" అని అడిగింది అద్దాలమ్మ. అంతే, కోడలు కుర్చీ అంచుకి జరిగింది. ఒక్క షాపు పదయితే పనివాళ్ళకి పని ఎలా నేర్పాలో, మన చెయ్యి లేనిచోట కూడా మన పని ఎలా ఉండాలో అక్కడ ఒకావిడ పాఠం చెబుతుందట. ఆవిడ ముందు కూర్చోవాలట. పొద్దుటినుంచి సాయంత్రందాకా చదువు తప్ప ఇంకో పని లేకుండా ఒక్కసారి ఉండి చూడాలట. చెబుతూ చెబుతూ చేతులు కూడా తిప్పేస్తోంది. కోడలి మొహం అంతగా వెలిగిపోవడం అద్దాలమ్మ ఎన్నడూ చూడలేదు.

"మరి మీ ఊళ్ళోనే సాయంత్రం కాలేజీ ఉందట కదండీ. అది చాలదా?"

"చాలండీ. నిజానికి నాకు అదే సరిపోతుంది" అంది కోడలు, బల్ల మీదున్న, ఫ్రేములకి బిగించే మరల డబ్బీ వంక చూస్తూ. షాపు చూసుకుంటూ చదువుకోవచ్చు కదండీ అని కూడా చేర్చింది.

అద్దాలమ్మ ఫ్రేము తీసింది. గాజు లేని ఫ్రేమని కూడా చూడకుండా గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. అది సరిపోయేదయితే ఇంతదూరం ఎందుకొచ్చారని అడిగింది. ఇక్కడ ఖర్చెక్కువని వచ్చాకే తెలిసిందండీ అంది కోడలు. ఇంకోసారి తుడిచి, సీటిస్తే ఏం చేస్తారని అడిగింది. నాకు దూరాభారం పడదండీ అంది కోడలు. తిప్పి తిప్పి అడిగింది ఒక్కటే, జవాబులు మాత్రం మూడు.

అద్దాలమ్మకి సంగతి తెలిసిపోయింది. అక్కడితో ఊరుకుంటే చాలు. కోడలు రేపు మర్యాదకి వెళ్ళి, మర్యాదగా తిరిగొచ్చి, ఇక్కడే ఉండిపోతుంది. ఆ ఆలోచన ఆవిడకి రాలేదనుకుంటే పొరపాటు. వచ్చింది, కుర్చీ లాక్కుని కూర్చుంది, మంచినీళ్ళు కూడా అడిగింది. దాన్ని లేపి పంపడానికి ఆవిడకి కొంచెం సేపు పట్టింది.

"అమ్మాయ్, నేను వేసింది అదే అద్దం" అంది.

కోడలు తలెత్తలేదు. కిటుకు తెలిసిన పిల్లే, అయినా దొరికిపోయింది. బయట ఎవరో స్కూటరు ఆపి, లోపల ఏదో మాట్లాడుకుంటున్నారని చూసి, మళ్ళీ వస్తానని సైగ చేసి వెళ్ళిపోయారు. కోడలు లేచి బల్ల ఇవతలికి వచ్చింది. అత్తగారి మొహాన ఉన్న ఫ్రేము మెల్లగా తీసి తను పెట్టుకుంది. ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు నేనడుగుతాను. మీ కోడలు వెళితే మీరు ఒక్కరే ఉండగలరా అండీ?"

"భేషుగ్గా ఉంటాను. నాకేం, కాళ్ళు లేవా, చేతులు లేవా?"

కోడలు ఫ్రేము తీసి తుడిచింది. రాత్రి షట్టరు దించాక ఎవరితో మాట్లాడతారని అడిగింది. గంగాళమంత రేడియో ఉందనీ, అది అడక్కుండానే మాట్లాడుతుందనీ అంది అద్దాలమ్మ. కోడలు మళ్ళీ తుడిచింది. పొద్దున్నే టీ ఎవరికి పెడతారని అడిగింది.

అద్దాలమ్మ రెండు కప్పులు పెట్టడం అలవాటైన తన చేతుల వంక చూసుకుంది. తను నేర్పిన విద్యే తన మీదికి తిరిగిందని అప్పుడు తెలిసింది.

"ఉండలేనమ్మా" అంది. "నువ్వు లేని ఇంట్లో నాకు తోచదు. చాలా బెంగపెట్టుకుంటాను. నీకు ఫోను చేసి విసిగిస్తాను కూడా. కానీ నాకు బెంగని నువ్వు ఆగిపోతే, ఇందాకటి ఆ మొహం నాకు ఇంకెప్పుడు కనపడుతుంది? వెళ్ళు."

కోడలి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. గాజు లేని ఫ్రేము కాబట్టి తుడుచుకోవడం తేలికైంది. "నిజంగా వెళ్ళమంటారా?" అంది.

"వెళ్ళు."

కోడలు ఫ్రేము తీసింది. తుడిచింది. పెట్టుకుంది. గొంతు సరిచేసుకుని, పరాయి ఊళ్ళోని ఎవరో అధికారిలా అడిగింది. "మీ కోడల్ని వెళ్ళమంటారా అండీ?"

"వెళ్ళమంటాను."

ఇంకోసారి తుడవబోతుంటే అద్దాలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆ గుడ్డ చిరిగిపోయేదాకా తుడువు, నా జవాబు మారదు" అంది.

కోడలు ఆ చేతిని వదలకుండానే ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది. స్కూటరాయన తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, చత్వారం అద్దాలు చేయించుకోవాలి, ఖాళీయేనా అని అడిగాడు. కాస్సేపు ఆగమని అద్దాలమ్మ చెప్పింది.