డెబ్బై రెండో గడి

ఆ గీత నేను గీయలేదు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. తెలిసీ ఇరవై ఏడు రోజులు నోరు మూసుకున్నాను. నాకు చాలామంది మీద కోపం ఉంది కానీ, ముందు నా మీద నాకున్న కోపం చెప్పుకోవడం న్యాయం.

మా కాలనీ కమ్యూనిటీ హాలు పైఅంతస్తులో జిమ్ము ఉంది. తుప్పు గీకి రంగు వేసిన డంబెల్స్, రెండు బెంచీలు, ఒక మూల పగిలిన అద్దం. తలుపు పక్క గోడకి నల్లరంగు పూసి, ఒక్కో మెంబరుకి ఒక్కో వరుస, వరుసకి వంద గళ్ళు గీశారు. వచ్చిన రోజు సుద్దముక్కతో ఒక గడిలో నిలువుగీత గీసుకోవాలి. ఒక్కరోజు మానితే, మర్నాడు వచ్చి తన గీతలన్నీ తన చేత్తోనే చెరుపుకుని మళ్ళీ ఒకటో గడి నుంచి మొదలుపెట్టాలి. ఒకరి గీత ఇంకొకరు గీయకూడదు, చెరపకూడదు. కాపలా ఎవరూ ఉండరు. వంద గళ్ళూ నిండినవాళ్ళకి హాలుకీ జిమ్ముకీ పనికొచ్చే తాళంచెవి ఒకటి ఇస్తారు.

నేను చేరింది ఆ తాళంచెవి కోసం.

మా అమ్మ ఆ హాలు ఊడుస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా. ఆరింటికి మెంబర్లు వచ్చేసరికి పైనా కిందా శుభ్రంగా ఉండాలని అయిదుంబావుకే వెళ్ళి మెట్ల మీద కూర్చుంటుంది. తాళం సెక్రటరీ గారి దగ్గర ఉంటుంది. ఆయన ఒక్కోరోజు అయిదున్నరకి వస్తారు, ఒక్కోరోజు ఆరుకి పది నిమిషాలుందనగా వస్తారు. వచ్చి, తలుపు తీస్తూ, "ఇంకా ఊడవలేదా?" అంటారు. పరాచికం కాదు, నిజంగానే అడుగుతారు. చలికాలం ఆ రాతిమెట్ల మీద కూర్చుని కూర్చుని అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. అమ్మకి ఒక తాళంచెవి ఇవ్వమని ఒకసారి నేనే వెళ్ళి అడిగాను.

"పనివాళ్ళకి తాళాలివ్వడం పద్ధతి కాదమ్మా. చదువుకున్నదానివి, నీకు తెలియనిదేముంది," అన్నారు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆ చదువుని ఆయన నా నోరు మూయడానికే వాడుకున్నారు. సరే, మెంబర్లకి ఇస్తారు కదా, మెంబరునే అవుతాను అనుకున్నాను.

మొదటి రోజు రెండు కిలోల డంబెల్ పట్టుకుని, పగిలిన అద్దం వెనక మూలలో నిలబడ్డాను. "ఊడ్చేదాని కూతురట" అని ఎవరో అన్నారు. వినపడాలనే అన్నారు. అప్పుడొచ్చారు గేరు మాస్టారు. ఆయన నలభై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, అందరికీ నేర్పేది ఆయనే. వంద గళ్ళు ఎప్పుడో నింపి, "బస్సు తాళం మోసింది చాలు" అని తాళంచెవి వద్దన్న మనిషి.

"ఏమ్మా డిగ్రీ, బండి ఇంకా న్యూట్రల్లోనే ఉందే! ఆ అద్దం నిన్నేం కరవదు, ముందుకి రా."

ఆ రోజు నుంచి గోడ మీద నా వరుస పేరు డిగ్రీ.

మొదటిసారి తొమ్మిది రోజులకి మానేశాను, చెరుపుకున్నాను. రెండోసారి పద్దెనిమిది. చెరుపుకున్నాను. చెరిపేటప్పుడు అందరూ చూస్తారు, ఎవరూ ఏమీ అనరు. మూడోసారి ఎక్కడో పట్టు దొరికింది. నలభయ్యో రోజుకి అద్దం ముందు నిలబడ్డాను. అరవయ్యో రోజుకి పాతిక కిలోల కడ్డీ తల మీదికి ఎత్తాను. నేను పనిచేసే ఆసుపత్రి రికార్డుల గదిలో, రోజూ తన ఫైళ్ళు కూడా నా బల్ల మీద పడేసి వెళ్ళే సీనియరుతో, "ఇవి మీవండి, తీసుకెళ్ళండి" అన్నాను. ఆయన తీసుకెళ్ళాడు.

డెబ్బై రెండో రోజు జ్వరం. మంచం మీంచి లేవలేకపోయాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, గుడ్డ తడిపి, గోడ ముందు నిలబడ్డాను. డెబ్బై రెండో గడిలో గీత ఉంది. లావుగా, కొంచెం వంకరగా. నేను గుడ్డ పిండి కొక్కేనికి తగిలించి, డెబ్బై మూడో గీత గీశాను.

అంతే. అంత తేలిక.

తేలిక కాదని తర్వాత తెలిసింది. రోజూ గీత గీసేటప్పుడల్లా ఆ వంకర గీత కళ్ళలో పడేది. మాస్టారే గీసి ఉంటారనుకున్నాను. పాపం, పేదపిల్ల, పోనీలే అనుకుని ఉంటారు. స్కూల్లో ఈ పోనీలే నేను చాలా తిన్నాను. ఫస్టు క్లాసు తెచ్చుకున్నా, "పాపం అని వేసుంటారు" అనేవాళ్ళు. ఆ కోపంతో బరువులు ఎత్తాను. కోపంతో ఎత్తితే బాగానే లేస్తాయి.

తొంభై తొమ్మిదో గీత గీసిన రోజు, "రేపు అందరి ముందూ తాళంచెవి ఇస్తాం," అని సెక్రటరీ గారు చెప్పి వెళ్ళారు. నేను మాస్టారిని మెట్ల దగ్గర ఆపాను.

"నా మీద దయ చూపించమని మిమ్మల్ని అడిగానా?"

"దేనికమ్మా?"

"ఆ డెబ్బై రెండు. నేను గ్రేసు మార్కులతో పాసైనదాన్ని కాను. ఎందుకు గీశారు?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నేను గీయలేదు తల్లీ. ఎవరు గీశారో తెలియదు. నువ్వు ఆ రోజు రాలేదని మాత్రం తెలుసు. రేపు చెరుపుకుంటుందిలే, ఎల్లుండి చెరుపుకుంటుందిలే అని చూస్తూనే ఉన్నా."

"మరి అడగొచ్చు కదా!"

"బ్రేకు నీ కాలి కింద ఉంటే, నేను పక్కసీట్లోంచి ఎలా తొక్కేది?"

ఇంటికెళ్ళేసరికి అమ్మ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటోంది. విషయం చెప్పి, ఎవరు గీశారో దొరికితే చంపేస్తానన్నాను.

"చంపు. నేనే గీశా."

నేను అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నీకేం పనమ్మా ఆ గోడతో?"

"అరవకు. నాకు కామెర్లొచ్చినప్పుడు పదకొండు రోజులు నా బదులు నువ్వెళ్ళి ఊడవలేదూ? నా హాజరు పడిందా లేదా?"

"పడింది."

"నీకు జ్వరమొస్తే నీ బదులు నేను పోకూడదా?"

"అది పని. అక్కడ బదులు మనిషి వెళ్ళొచ్చు. ఇక్కడ ఊరికే గీత గీసేస్తే..."

"ఊరికే ఎవరు గీశారే?" అమ్మ కాపడం గుడ్డ గిన్నెలో విసిరికొట్టింది. "అందరూ దిగిపోయాక ఆ ఇనప గుండ్లు రెండూ పట్టుకుని, నువ్వు ఎత్తినట్టే, పన్నెండేసి చొప్పున మూడు విడతలు ఎత్తా. కూర్చుని లేచేది కూడా చేశా. మోకాలు కలుక్కుమంది, అయినా చేశా. అప్పుడు గీశా. రోజూ కళ్ళు మూసుకుని ఊడుస్తున్నాననుకున్నావా?"

ఆ ఖాళీ గదిలో, పనిచీర కొంగు బిగించి, డంబెల్స్ ఎత్తుతున్న అమ్మ నా కళ్ళ ముందు కనపడింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఇంకా గట్టిగా అరిచాను.

"రేపు చెరిపేస్తా!"

"చెరుపు. ఇంకో వంద రోజులు నన్ను ఆ మెట్ల మీద కూర్చోబెడతావన్నమాట. నిజాయితీ నీది, మోకాళ్ళు నావి."

నేను ఆ గిన్నె తీసుకెళ్ళి నీళ్ళు మళ్ళీ వేడిచేసి తెచ్చాను.

మర్నాడు ఆరింటికి పాతికమంది దాకా నిలబడి ఉన్నారు. సెక్రటరీ గారి చేతిలో రిబ్బను కట్టిన తాళంచెవి. నేను గుడ్డ తడిపి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాను. ఒకటి నుంచి డెబ్బై ఒకటి దాకా చెరిపాను. డెబ్బై మూడు నుంచి తొంభై తొమ్మిది దాకా చెరిపాను. సుద్దనీళ్ళు మోచేతి దాకా కారాయి.

"ఏంటమ్మా ఇది, మతిపోయిందా?" అన్నారు సెక్రటరీ గారు.

"ఒకరోజు నేను రాలేదండి. మర్నాడే చెరపాల్సింది, చెరపలేదు. తప్పు నాదే."

"మరి ఆ ఒక్కటీ ఎందుకుంచావు?"

"అది మా అమ్మది. మూడు విడతలు బరువెత్తి గీసుకుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. సెక్రటరీ గారి మొహం ఎర్రబడింది. "ఊడవడానికొచ్చిన మనిషి గోడ మీద చెయ్యేసిందా?" అంటూ నా చేతిలో గుడ్డ లాక్కోబోయారు.

"ముట్టుకోకండి!"

ఆ గొంతు నాదేనా అనిపించింది. కింద మెట్ల మీద చీపురు చప్పుడు ఆగిపోయింది.

"ఎవరి గీత వాళ్ళే చెరపాలి. మీరు పెట్టిన నియమమే."

"ఆవిడ మెంబరు కాదు!"

"ఫారం ఇవ్వండి, ఇప్పుడే నింపుతా. వయసు యాభై మూడు. వృత్తి, ఈ హాలు ఊడవడం. హాజరు సంగతంటారా, పంతొమ్మిదేళ్ళుగా మీకన్నా ముందే వస్తోంది."

ఆయన మాస్టారి వైపు చూశారు. మాస్టారు పైకప్పు వైపు చూస్తూ, "ఫారాలు కింది సొరుగులో ఉంటాయి," అన్నారు. సెక్రటరీ గారు తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగిపోయారు. నేను నా ఒకటో గడిలో గీత గీసుకుని, కింది సొరుగులోంచి ఫారం తీసి అమ్మ పేరు మీద నింపాను. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. నన్ను కాల్చేసేలా చూసి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు అయిదుంబావుకి నేనూ వెళ్ళి అమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ బదులు వెళ్ళిన రోజుల్లో కూర్చున్నాను కానీ, అమ్మ పక్కన ఒక్కసారైనా అలా కూర్చోలేదని అప్పుడే గుర్తొచ్చింది. రాయి చల్లదనం అయిదు నిమిషాల్లో నడుము దాకా పాకింది. అమ్మ మొహం తిప్పుకుని కూర్చుంది. ఆరుకి పది నిమిషాలుందనగా సెక్రటరీ గారు వచ్చారు.

"ఇంకా ఊడవలేదా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ లేచి నిలబడింది.

"తాళం మీ జేబులో పెట్టుకుని, ఎక్కడ ఊడవమంటారయ్యా? మీ జేబులోనా?"

పంతొమ్మిదేళ్ళలో అమ్మ ఆయనకి ఇచ్చిన మొదటి జవాబు అది. ఆయన జేబులోంచి తాళంచెవి తీశారు. తలుపు తీశారు.

అమ్మ ముందు ఊడ్చింది. ఊడవడం అయ్యాక గుడ్డ తడిపి గోడ దగ్గరికి వెళ్ళి, డెబ్బై రెండో గడిలో తన గీత తనే చెరుపుకుంది. రెండు కిలోల డంబెల్స్ తీసుకుని అద్దం ముందు, నా పక్కనే, నిలబడింది. మూడు విడతలయ్యాక నా కింది వరుసలో ఒకటో గడిలో గీసింది. లావుగా, కొంచెం వంకరగా.

"ఈసారి నువ్వు మంచమెక్కినా నీది గీయను," అంది నా వైపు చూడకుండా. "నా దానికేసి నువ్వు చూడకు."