అవతలి కొస

శనివారం పొద్దున ఐలీ చెక్కకు అవతలి కొస పట్టుకుని నిలబడి ఉంది. ఇవతలి కొసన వైనో రంపం ఆపి, చెవి మీది పెన్సిల్ తీసి, అప్పటికే గీసిన గీత పక్కన ఇంకో గీత గీశాడు. కాసేపు రెండింటినీ చూశాడు. పొడుగాటి చెక్క బరువుకి ఆమె మణికట్లు లాగుతున్నాయి. గరాజు తలుపు ఎత్తి, పడిపోకుండా కింద ఒక కర్ర ఆనించారు. ఆ సందులోంచి సరస్సు మీది చలిగాలి లోపలికి వచ్చి నేల మీది రంపపు పొట్టును ఆమె కాళ్ల చుట్టూ తిప్పుతోంది.

"కదలకు," అన్నాడు వైనో.

"నేను కదల్లేదు."

"కదిలావు. లేకపోతే గీత ఎందుకు తప్పుతుంది?"

అలాంటివాటికి జవాబు చెప్పడం ఆమె పెళ్లయిన కొత్తలోనే మానేసింది.

ఐలీ ఎముక పుష్టి గల మనిషి. నెరిసిన జుట్టును పనిరోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ ఒకే నీలం గుడ్డతో వెనక్కి కట్టుకుంటుంది. ముంజేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. కొండకింద ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం పెట్టిన గుర్తులవి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ యంత్రంలోంచి వేడివేడిగా వచ్చే దుప్పటికి ఒక కొస తను, రెండో కొస ఇంకో ఆడమనిషి పట్టుకుని మడతలు పెడతారు. శని, ఆదివారాల్లో ఇంట్లో చెక్కలకు, రేకులకు, పైపులకు కొస పట్టుకుంటుంది. ఆమె బతుకులో ఎక్కువ భాగం ఏదో ఒకదానికి అవతలి కొసనే గడిచింది.

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న దులూత్‌ ఊళ్లో కొండవాలున కట్టిన ఆ ఇల్లు వైనో శనివారాల పుణ్యం. ఓడరేవులో వారమంతా ఇనుపరాయి వ్యాగన్ల కింద పనిచేసి, శనివారం తెల్లవారగానే ఏదో ఒకటి మొదలుపెట్టేవాడు. మొదలుపెట్టడంలో అతనికి సాటి లేదు. స్నానాల గదిలో టైల్స్ భుజం ఎత్తు దాకా వచ్చి ఆగాయి, ఆ పైన బూడిదరంగు సిమెంటు. వంటింటి అల్మరాలకు తలుపులు ఊడదీసేనాటికి కొడుకు డెనిస్ ఇంకా బడికి వెళ్తున్నాడు. ఆ తలుపులు ఒకవైపు మాత్రం చిత్రిక పట్టించుకుని గరాజు గోడకి ఆనుకుని ఉన్నాయి. కప్పులూ పళ్లేలూ అన్నీ వచ్చేపోయేవాళ్ల కళ్లబడుతూ ఉంటే, ఐలీ వారానికోసారి వాటి మీది దుమ్ము తుడిచేది. కింది అంతస్తులో ఆవిరి స్నానానికని కట్టిన గదికి పొయ్యి వచ్చింది గానీ కూర్చోవడానికి బల్లలు రాలేదు. అందుకని ప్రతి శనివారం సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని వైనో పక్కింటికి వెళ్లి స్నానం చేసి వచ్చేవాడు. అక్కడ కూర్చుని తన గదికి ఎలాంటి బల్లలు వేయబోతున్నాడో చెప్పేవాడు.

ఒకసారి, చాలా ఏళ్ల కిందట, ఐలీ ఒక వడ్రంగిని పిలిపించింది. వైనో గుమ్మంలోనే అతన్ని ఆపి, నవ్వుతూ, మర్యాదగానే పంపించేశాడు. "మా ఆవిడకి తొందరెక్కువ," అన్నాడు. ఆ వడ్రంగి ఆమె వైపు జాలిగా చూసి టోపీ సర్దుకుని వెళ్లాడు. ఆ చూపు గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ ఒళ్లంతా మండుతుంది.

ఇక మిగిలింది వెనక వసారా. ఇల్లు వాలు మీద ఉండటంతో, ముందువైపు నేలకి సమంగా ఉన్న ఇల్లు వెనక్కి వచ్చేసరికి ఒక అంతస్తు ఎత్తున గాల్లో ఉంటుంది. ఆ ఎత్తున చెక్క వసారా వేశాడు వైనో. రెయిలింగ్ మాత్రం వేయలేదు. మొన్న ఈస్టర్‌కి డెనిస్, అతని భార్య జోలీన్ పాపని తీసుకుని వచ్చారు. అప్పుడే నడక నేర్చిన పాప తలుపు సందులోంచి జారి వసారా అంచుకి పోయింది. జోలీన్ వెనక నుంచి గౌను అంచు అందుకుంది గనక సరిపోయింది. ఆ రోజు భోజనం ఎవరికీ సహించలేదు.

"రెయిలింగ్ వేసేదాకా పాపని ఈ ఇంటికి తీసుకురానమ్మా," అన్నాడు డెనిస్ కారెక్కుతూ.

రేపు ఆదివారం పాప పుట్టినరోజు. రెయిలింగ్ శనివారానికల్లా అయిపోతుందని వైనో ఫోన్‌లో కొడుక్కి గట్టిగా మాటిచ్చాడు. ఐలీ కేకుకి కావలసినవన్నీ తెచ్చి పెట్టింది.

ఇప్పుడు అతను కోస్తున్న చెక్క మందం చూస్తే ఆమెకి అనుమానం వచ్చింది.

"ఇది రెయిలింగ్‌కి చాలా మందం కాదూ?"

"రెయిలింగ్‌కి ఎవరన్నారు? ఇది పనిబల్లకి."

"ఏ పనిబల్ల?"

"మంచి పనిబల్ల లేకుండా రెయిలింగ్ ఎలా చేస్తారనుకున్నావు? నేల మీద పెట్టి కోస్తే అన్నీ వంకర్లే. ముందు బల్ల. తర్వాత రెయిలింగ్."

"వైనో, వాళ్లు రేపు వస్తున్నారు."

"తెలుసులేవే. రేపనేది రేపు కదా." అతను రంపం కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "ఈ చెక్కని పట్టి ఉంచడానికి పెద్ద బిగింపు కావాలి. మిత్రుడొకడి దగ్గరుంది. ఇలా వెళ్లి అలా వస్తా."

పాత ట్రక్కు వీధి మలుపు తిరిగే చప్పుడు విన్నాక ఆమె కొస వదిలింది. మిత్రుడి ఇల్లు ఊరవతల. అక్కడ కాఫీ ఉంటుంది, కబుర్లుంటాయి. మధ్యాహ్నం దాటే దాకా రాడు.

గరాజు మూల, తలుపుల వెనక, రెయిలింగ్ కోసం పోయిన వేసవిలోనే కోసిపెట్టిన గుంజలూ అడ్డపట్టెలూ సన్నపట్టీలూ ఉన్నాయి. ఐలీ వాటి ముందు కాసేపు నిలబడింది. తర్వాత ఒక్కొక్కటే వసారా మీదికి మోసింది. వసారా అంచున రంధ్రాలు కూడా అతనెప్పుడో వేసి వదిలేశాడు. మరలు డబ్బాలో ఉన్నాయి. డ్రిల్లింగ్ మిషన్ చేతిలోకి తీసుకుంటే అనుకున్నంత బరువు లేదు. ఇన్నేళ్లలో అది ఆమె చేతికి రావడం ఇదే మొదలు.

ఎలా చేయాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను చేస్తుంటే చూస్తూనే కదా నిలబడింది. అవతలి కొస పట్టుకునే మనిషి లేకపోవడమొక్కటే చిక్కు. వంటింట్లోంచి కుర్చీ తెచ్చి, దాని వీపు మీద అడ్డపట్టె ఆనించి, జుట్టుకి కట్టుకున్న నీలం గుడ్డ విప్పి దానితో గుంజకి బిగించి కట్టింది. టేపు అతని జేబులో వెళ్లిపోయింది. అందుకని పట్టీకి పట్టీకి మధ్య తన పిడికిలి పెట్టి చూసుకుంది. ఆ సందులో పాప తల పట్టదు. ఒక మర వంకరగా దిగితే వెనక్కి తీసి మళ్లీ బిగించింది. బొటనవేలు సుత్తి కింద పడి నల్లబడింది. చెమట కళ్లలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, తనకి తెలియకుండానే ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఏమమ్మా ఐలీ, మీ ఆయన చూస్తే గుండాగి చస్తాడు!" కింద పెరట్లో బట్టలు ఆరేస్తున్న పక్కింటి మిర్నా తలెత్తి అరిచింది.

"చావనీ. ముందు ఇది అవ్వనీ!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఆఖరి మర బిగించాక ఐలీ రెయిలింగ్‌కి తన బరువంతా ఆనించి ఊపింది. కదల్లేదు. రెండు చేతులూ దాని మీద ఆనించి, కింద ఇళ్ల కప్పుల మీదుగా సరస్సును చూసింది. ఆ వసారా అంచున భయం లేకుండా నిలబడటం అదే మొదటిసారి. లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, కేకు పొయ్యిలో పెట్టింది.

వైనో వచ్చేసరికి ఇల్లంతా కేకు వాసన. బిగింపు భుజాన వేసుకుని వసారా తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. సన్నగా, పొడుగ్గా, కొద్దిగా ముందుకి వంగి నిలబడే మనిషి. ఆ వంగడం ఇప్పుడింకొంచెం ఎక్కువైంది.

"ఎవరు చేశారు?"

"నేనే."

"నువ్వా?" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. రెయిలింగ్ పట్టుకుని ఊపాడు. ఇంకోసారి, గట్టిగా ఊపాడు. తర్వాత గరాజులోకి వెళ్లి రసమట్టం తెచ్చి అడ్డపట్టె మీద పెట్టాడు. గాజులోని బుడగ గీతల మధ్య నుంచి వెంట్రుకవాసి పక్కకి జరిగింది. అతని ముఖంలో ఏదో స్థిమితపడింది.

"చూశావా? వంకర."

"గట్టిగా ఉంది కదా వైనో."

"గట్టిగా ఉంటే చాలా? చూసినవాళ్లు నేను చేశాననుకుంటారు." డ్రిల్లింగ్ మిషన్ అందుకుని మొదటి మర విప్పాడు. "రేపు పొద్దున్నే లేచి సరిగ్గా పెడతా."

"రేపు పాప వస్తోంది."

"వస్తే రానీ. పొద్దున్నే అన్నానా లేదా?" ఇంకో మర విప్పాడు. చూసుకోకుండా ఇంకోటి విప్పేసరికి పొడుగాటి అడ్డపట్టె ఒకవైపు ఊడి గాల్లోకి వాలింది. "అయ్యో, పడిపోతుంది! ఐలీ, ఆ కొస పట్టుకో!"

ఆమె వెళ్లి పట్టుకుంది.

పట్టుకున్నాక గాని తను పట్టుకున్నట్టు ఆమెకి తెలియలేదు. మెదడు వద్దనేలోపలే కాళ్లు నడిచాయి, చేతులు లేచాయి. తను పొద్దుటి నుంచి బిగించిన మరల్ని అతను ఒక్కొక్కటే విప్పుతుంటే, చెక్క కదలకుండా, జాగ్రత్తగా, బాగా అలవాటైన ఎత్తున పట్టుకుని నిలబడింది. కింద పెరట్లో మిర్నా ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని చూస్తోంది. ఐలీ ఆమె కళ్లలోకి చూడలేకపోయింది. తన చేతుల వంక చూసుకుంది. అవి వేరెవరివో అనిపించాయి. వైనో మీద కోపం ఆమెకి కొత్త కాదు. ఆ చేతుల మీద అసహ్యమే కొత్త.

పట్టీలన్నీ విప్పి గోడవార పేర్చాక అతను తేలికపడ్డాడు. "కంగారు పడకు. చేశానంటే వందేళ్లుంటుంది," అని తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటికి స్నానానికి వెళ్లాడు.

ఐలీ కొడుక్కి ఫోన్ చేసింది.

"రేపు రావద్దు నాన్నా. ఇంకా అవ్వలేదు."

"నాకు తెలుసమ్మా," అన్నాడు డెనిస్. అతని గొంతులో కోపం కూడా లేదు.

తర్వాత దగ్గరి ఊరు టూ హార్బర్స్‌లో ఉన్న చెల్లెలు హెల్మీకి చేసింది. హెల్మీ ఎందుకని అడగలేదు. "కారు తీస్తున్నా అక్కా," అంది. ఐలీ ఒక పెట్టెలో బట్టలు సర్దుకుంది. కేకు మీద పంచదార పూత పూసి, ఆరనిచ్చి, మూత పెట్టింది. వైనో కోసం పళ్లెంలో చేపలూ బంగాళాదుంపలూ పెట్టి పైన ఇంకో పళ్లెం బోర్లించింది. పక్కింటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. చెల్లెలి కారు ముందు గుమ్మం దగ్గర ఆగినప్పుడు ఇంకా వెలుతురు ఉంది. ఐలీ తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లి కారెక్కింది. అంతే. ఒక్క మాట పెద్దగా లేదు, ఒక్క గిన్నె పగల్లేదు.

మర్నాడు సాయంత్రం మిర్నా ఫోన్ చేసింది.

"చెప్పాలో వద్దో తెలియడం లేదే. రెయిలింగ్ వేసేశాడు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకి ముగించాడు. రంగు కూడా వేస్తున్నాడు."

ఐలీ ఫోన్ తీగని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఆ వేసవంతా అలాంటి కబుర్లే వచ్చాయి. అల్మరాలకి తలుపులు వచ్చాయి. టైల్స్ కప్పు దాకా ఎక్కాయి. ఆవిరి గదిలో బల్లలు వెలిశాయి. డెనిస్ పాపని ఆదివారాలు తాతగారింటికి తీసుకెళ్తున్నాడు. ఐలీ టూ హార్బర్స్ నుంచి రోజూ బస్సులో లాండ్రీకి వచ్చి పోతోంది.

చలి మొదలవగానే ఆమె తన శీతాకాలపు కోటు కోసం వెళ్లింది. వట్టి చేతులతో వెళ్లడం బాగుండదని మాంసమూ బంగాళాదుంపలూ వేసి వండిన గాజు గిన్నె పట్టుకెళ్లింది. వైనో శుభ్రమైన చొక్కా వేసుకుని తలుపు తీశాడు. ఆమెని గది గదికీ తిప్పి చూపించాడు. అల్మరా తలుపు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. కీచుమనలేదు.

"ఒక్కడివే చేశావా?" అంది ఐలీ.

"ఒక్కణ్ణే. అవతలివైపు రెండు స్టూళ్లు వేసుకుంటే సరిపోతుంది. ఇన్నాళ్లూ తోచనే లేదు." అతను ఉత్సాహంగా చెప్పాడు. ఆ మాట ఆమెకెలా తగిలిందో అతనికి తెలియలేదు. "వసారా చూశావుగా. పెన్సిల్ పెడితే దొర్లదు."

"బాగా చేశావు వైనో."

ఆమె ఇంకేదో అంటుందని అతను ఎదురుచూశాడు. "మరి ఇక... వచ్చేయొచ్చు కదా," అన్నాడు చివరికి, అల్మరా తలుపు వంకే చూస్తూ. "అన్నీ అయిపోయాయి."

"అవును," అంది ఆమె. "అన్నీ అయిపోయాయి."

కోటు లోపలి గదిలో, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, బయటికి వచ్చింది. అతను గుమ్మం దాకా వచ్చాడు గానీ మెట్లు దిగలేదు.

గాజు గిన్నె వంటింటి గట్టు మీద, కొత్త తలుపుల కింద, ఇంకా వేడిగానే ఉంది. చర్చి విందుకో, చావు జరిగిన ఇంటికో గిన్నె పట్టుకెళ్లే ఆడవాళ్లంతా తిరిగి తమకే చేరాలని చేసినట్టు, దాని అడుగున తెల్ల పట్టీ ఒకటి అంటించి ఉంది. దాని మీద ఐలీ పేరు, ఆ కింద టూ హార్బర్స్ ఇంటి ఫోన్ నంబరు.