రెండుసార్లు వదులు చేసిన కాలరు

టైలరమ్మకు టేపు అక్కర్లేదని పేరు. మనిషి గుమ్మం దాటి వస్తుండగానే భుజం ఎంతో, నడుము ఎంతో చెప్పేసేది. అంతటి మనిషి కన్నకూతురి మెడ దగ్గర మోసపోయింది.

కూతురికి పదకొండేళ్లు. ఇంట్లో పిట్ట అని పిలుస్తారు. నాలుగేళ్ల కిందట పిల్లకు కిడ్నీలు రెండూ పాడైతే తల్లి తనది ఒకటిచ్చి బతికించుకుంది. పరాయిదని పిల్ల ఒళ్లు దాన్ని తరిమెయ్యకుండా పొద్దున ఎనిమిదికి రెండు మాత్రలు, సాయంత్రం ఎనిమిదికి రెండు. అలారం మోగితే కుట్టుమిషను ఆగాల్సిందే. నాలుగేళ్లలో ఒక్క మాత్ర తప్పలేదు. ఆ గొప్ప మొదలెడితే ఆవిడ నోటికి కుట్టు వెయ్యడం ఎవరి తరమూ కాదు.

మొన్నామధ్య స్కూలు చొక్కా కాలరు బిగుతైందంది పిట్ట. "ఒళ్లు చేస్తున్నావే!" అని మురిసిపోయి తల్లి కుట్టు విప్పి వదులు చేసింది. నెల తిరక్కుండా మళ్లీ బిగుతు. మళ్లీ వదులు చేసింది. ఛాతీ పెరగలేదు, నడుము పెరగలేదు, మెడ ఒక్కటే ఎందుకు పెరిగిందని అడగాల్సిన మనిషి సూదిలో దారం ఎక్కించుకుని కూర్చుంది. ఏమనాలి ఆవిణ్ణి!

చివరికి తల దువ్వుతుంటే మెడ పక్కన గడ్డ చేతికి తగిలింది. ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి లింఫోమా అన్నారు, అదొక రకం క్యాన్సర్.

"మా వంశంలో ఎవరికీ లేదండీ. నా వంటలో ఏమన్నా తేడా వచ్చిందా?" అని అడిగింది డాక్టర్‌ను.

"వంటకీ దీనికీ సంబంధం లేదమ్మా. పిల్లలకైనా పెద్దవాళ్లకైనా, ఎందుకొచ్చిందో చాలామంది విషయంలో మేమూ చెప్పలేం. ఒంటికి కాపలా తగ్గినవాళ్లకి మాత్రం ముప్పు ఎక్కువ. కిడ్నీని కాపాడే మాత్రలే మీ పాపకి ఆ కాపలా తగ్గించాయి. దానికి తోడు, దాదాపు అందరి ఒంట్లోనూ ఊరికే పడుండే వైరస్ ఒకటుంది. పాపకి అది కొత్త కిడ్నీతో వచ్చి, కాపలా లేక ఈ గడ్డకి దారితీసి ఉండొచ్చు."

"కొత్త కిడ్నీ నాదే కదండీ."

"మీరది ఇవ్వకపోతే ఈ నాలుగేళ్లు లేవమ్మా," అన్నాడాయన. ఆ మాట ఆవిడ చెవికెక్కితేగా! "ముందు మాత్రలు సగం చేద్దాం. పూటకి రెండింటికి బదులు ఒకటి. గడ్డ కరగొచ్చు. కరక్కపోతే వేరే మందులున్నాయి."

"మరి కిడ్నీ?"

"దానికి కొంత ప్రమాదమే. కనిపెట్టుకుని ఉందాం."

ఆ రోజు నుంచి టైలరమ్మకు మనశ్శాంతి పోయింది. హ్యాంగర్లకు వేలాడే చొక్కాలన్నిటికీ మెడలు లావుగా కనిపించేవి. మోగని అలారం చెవిలో మోగేది. తన పొట్టమీద పాత కోత మచ్చ తడుముకుని, ఇక్కణ్ణుంచే కదా పంపించాను, అని కుమిలిపోయేది.

అయినా ఎనిమిది కొట్టేసరికి చెయ్యి మాట వినలేదు. ఒక్క మాత్ర ఇస్తే ఆ కిడ్నీని తానే చంపినట్టు అనిపించి, డాక్టర్ చెప్పింది పక్కనపెట్టి రెండూ ఇచ్చింది. పిట్ట అరచేతిలోని మాత్రలు చూసింది, అమ్మ మొహం చూసింది, కిక్కురుమనకుండా మింగింది. ఇలా ఆరు రోజులు.

ఏడోరోజు పొద్దున మాత్రలు తీయబోతూ, ఊరికే చూద్దామని పిల్ల మెడకు టేపు చుట్టింది. కొలతల పుస్తకంలో తన చేత్తో రాసిన అంకెలే ఉన్నాయి: పదకొండు, పదకొండున్నర, పన్నెండు. ఇప్పుడు టేపు పన్నెండున్నర దాటింది.

"పిట్టా, నేను తప్పు చేశానే. ఒకటి ఇమ్మంటే రెండేసి ఇస్తున్నాను."

"తెలుసు. డాక్టరుగారు చెప్పినప్పుడు నేనూ ఉన్నాగా."

"తెలిసీ ఎందుకు మింగావే తల్లీ?"

"నీ కిడ్నీకి ఏమన్నా అయితే నువ్వు ఏడుస్తావని."

అంతలో అలారం మోగింది. టైలరమ్మ అలవాటుకొద్దీ రెండు మాత్రలు తీసి, ఒకటి కూతురి చేతిలో పెట్టింది. రెండోది ఆవిడ గుప్పిట్లోనే ఉండిపోయింది. డబ్బాలో వెయ్యాలని తెలుసు, వేళ్లు మాత్రం విడలేదు.

పిట్ట ఒక మాత్ర మింగి, నీళ్లగ్లాసు కింద పెట్టి, అమ్మ గుప్పిటను రెండు చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలే విప్పడం మొదలుపెట్టింది.