కడిగేసిన పేరు

రిస్తిన్ కూతురు పుట్టి పదకొండు రోజులైంది. అందులో తొమ్మిది రోజులు ఏడుస్తూనే ఉంది. పాలు పట్టబోతే మొహం తిప్పేసుకుంటుంది. పిల్లకు పెట్టిన పేరు రావ్నా. అది రిస్తిన్ చెల్లెలి పేరు. మూడేళ్ళ కిందట ఏటి మీద మంచు విరిగి, రెయిన్‌డీర్ బండితో సహా మునిగి చచ్చిపోయింది ఆ చెల్లెలు.

ఆ మంచుసీమ వాళ్ళ నమ్మకం ప్రకారం, కడుపుతో ఉన్నదాని కలలోకి పోయినవాళ్ళెవరో వచ్చి తమ పేరు పెట్టమని అడుగుతారు. అడిగినవాళ్ళ పేరే బిడ్డకు పెట్టాలి, లేకపోతే బిడ్డ దక్కదు. రిస్తిన్ నెలల తరబడి చెల్లెలి కోసమే కాచుకుంది. కింది లోకంలో చచ్చినవాళ్ళను దగ్గర పెట్టుకునే ముసలమ్మ జాబ్మియాకాను రోజూ బతిమాలింది. ఆ పేరు చెబితేనే అందరికీ హడలు. రిస్తిన్‌కు మాత్రం ఆవిడ మీద కోపం లేదు. పాపం ఒంటరిది, అలవాటైన మనిషిని వదల్లేకపోతోంది అనుకునేది. రావ్నాను ఎవరు మాత్రం వదులుకుంటారు?

ఎనిమిదో నెలలో కల వచ్చింది. గుడారం తెర ఎత్తుకుని వచ్చింది రావ్నా కాదు, మొగుడి నాయనమ్మ మార్గెత్. బతికినన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ రాచిరంపాన పెట్టిన మనిషి. తన పేరు పెట్టమని చెప్పి, పోతూ పోతూ పొయ్యి రాళ్ళు వంకరగా ఉన్నాయని దెప్పి మరీ పోయింది. తెల్లారాక అత్త బిరెత్ అడిగితే, రావ్నా వచ్చిందని చెప్పేసింది రిస్తిన్.

ఇప్పుడు బిరెత్ ఎదురుగా చతికిలబడింది.

"ఏమే, వచ్చింది ఎవరు?"

"చెప్పాగా అత్తా, రావ్నా."

"రావ్నాయే అయితే పిల్ల ఇట్లా గుక్కపెడుతుందా? దీన్ని పూడ్చిపెట్టాక చెబుతావా నిజం?"

పిల్ల గొంతు అప్పటికే పీలగా అయిపోయింది. రిస్తిన్ పిల్లను గుండెకు హత్తుకుంది.

"మార్గెత్" అంది, తల వంచుకుని.

బిరెత్ నోరు వెళ్ళబెట్టింది. "మా అత్తా? ఇరవయ్యేళ్ళు వేగానే ఆవిడతో! పీడా వదిలిందనుకుంటే మళ్ళీ నా పొయ్యి దగ్గరికే తయారైందా మహాతల్లి!"

రిస్తిన్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ఇకిలించింది చాలు. నీళ్ళు కాచు, ఆ పేరు కడిగెయ్యాలి."

"బాప్తిస్మమప్పుడు పాస్టరు పుస్తకంలో రావ్నా అని రాసుకున్నాడుగా?"

"ఆయన పుస్తకం ఆయన దగ్గరుంది. పిల్ల మన దగ్గరుంది."

"ఒక్క రోజు ఆగుదాం అత్తా. ఈ పదకొండు రోజులూ రోజుకు వందసార్లు పిలిచాను. నాకింకా తనివి తీరలేదు."

బిరెత్ గొంతు తగ్గించింది. "తర్వాతి కాన్పుకు వస్తుందేమోనే."

"రాకపోతే?"

"రాకపోతే రాదు. తప్పు పేరు పెట్టింది నువ్వు, కడగాల్సిందీ నువ్వే."

రిస్తిన్ గోరువెచ్చటి నీళ్ళలో రెండు భూర్జ చెట్టు రెమ్మలు వేసింది. పురుళ్ళు పోసే దేవత సారాకాను తలుచుకుని పిల్ల తల మీద మూడుసార్లు పోసింది. పాత పేరు దిగిపొమ్మంది. మార్గెత్ అని పిలిచింది. మొదటిసారి తనకే వినిపించలేదు, రెండోసారి పిలవాల్సి వచ్చింది. పిల్ల వెక్కి, కళ్ళు తెరిచి చూసింది. కాసేపటికి రొమ్ము అందుకుని చిగుళ్ళతో గట్టిగా నొక్కింది.

"అచ్చం మా అత్తే" అని గొణిగింది బిరెత్.

పిల్ల నిద్రపోయాక రిస్తిన్ పేరు కడిగిన ఆ నీళ్ళు గిన్నెలో తీసుకుని బయటికి నడిచింది. ఎవరూ తొక్కని చోట, మంచు కరిగి నేల బయటపడ్డ చోట మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల బతికినందుకు సంతోషంగానే ఉంది. చెల్లెలు మళ్ళీ చచ్చిపోయినంత దుఃఖంగానూ ఉంది. నీళ్ళు కొంచెం కొంచెంగా పోసింది.

"జాబ్మియాకా, నా చెల్లెల్ని నీ దగ్గరే ఉంచుకో. దానికి ఒంటరిగా పడుకోవాలంటే భయం. నీ పక్కలో వేసుకో తల్లీ" అంది.

నేల నీళ్ళన్నీ పీల్చేసుకుంది. "రావ్నా" అని ఒక్కసారి గట్టిగా పిలిచింది రిస్తిన్. ఆ పేరు ఇక తనది కానట్టు, లోపల పిల్ల కదలకుండా నిద్రపోతూనే ఉంది.