పక్కింటి గోడ మీద ఇల్లాలు

ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా ఉంటాయి. ఇటు మేకు కొడితే అటు సున్నం రాలుతుంది. చివరింట్లో పూర్వం గడియారాలు బాగుచేసే కుటుంబం ఉండేది. వాళ్లు ఖాళీ చేశాక ఒక చిత్రకారుడు అద్దెకు దిగి, తర్వాత కొనుక్కుని, పోయేదాకా అక్కడే బొమ్మలు వేసుకుంటూ బతికాడు. ఆయనకీ, పక్కింటి బస్సు డ్రైవరుకీ ఉప్పూ నిప్పూ. రంగుల్లో కలిపే టర్పెంటైను వాసనకి అన్నం సహించడం లేదని డ్రైవరు గొడవ. తెల్లారకుండానే హారన్ కొట్టినట్టు దగ్గుతాడని చిత్రకారుడి గొడవ. ఏళ్ల తరబడి మాటల్లేవు.

చిత్రకారుడు పోయాక చాన్నాళ్లు తాళంపడి ఉన్న ఆ ఇంటిని ఈమధ్యే బాగుచేయించి, జనం చూడ్డానికి తెరిచారు. అప్పటికి డ్రైవరు రిటైరయ్యాడు. భార్య కూడా దాటిపోయింది. ఒక్కసారి చూసొద్దాం రమ్మని కూతురు ప్రాణం తీస్తే, ముఖం మాడ్చుకునే వెళ్లాడు.

మేడమీద గదిలో, కిటికీ పక్క గోడంతా ఒకే బొమ్మ. డాబా మీద ఒకావిడ కొంగు నడుముకి బిగించి దుప్పటి ఆరేస్తోంది. పళ్లమధ్య క్లిప్పు పట్టుకుని నవ్వాపుకుంటోంది.

డ్రైవరు నిలబడిపోయాడు. "మీ అమ్మ," అన్నాడు.

"తెలుసు నాన్నా. అమ్మే చెప్పింది. నువ్వు డ్యూటీకి వెళ్లాక, ఆయన బొమ్మ వేసుకోడానికని ఆరిన దుప్పట్లే మళ్లీ ఆరేసేదట. నీకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తావని దాచింది."

కోప్పడతాడనుకుంది కూతురు. ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో భార్య బెదిరిపోయినట్టు ఉంటుంది. ఈ నవ్వు అలాంటిది కాదు. కూరలో ఉప్పు మరిచిపోయి, ఆయన ఎప్పుడు కనిపెడతాడా అని చూసేటప్పటి నవ్వు.

"బాగానే చూశాడు ముసలాడు," అని గొణిగాడు.

బొమ్మ కింద అట్టముక్క మీద 'పక్కింటి స్త్రీ' అని రాసుంది. అక్కడి ఉద్యోగిని వచ్చి, ఆవిడ మీకు తెలిస్తే పేరు చెప్పండి, మార్పిస్తాం అంది.

కాపురం చేసినన్నాళ్లూ 'ఏమేవ్', 'ఇదిగో' అనడమే తప్ప ఆయన భార్యను పేరుపెట్టి పిలిచింది లేదు. గొంతు సవరించుకున్నాడు. కూతురు అందుకోబోతే చేత్తో ఆపాడు. తర్వాత ఆ పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా, ఆ ఉద్యోగిని తప్పులేకుండా రాసుకునేదాకా చెప్పాడు.