ఊడ్చిన తోట

చెత్త కంటపడితే ఒతీలియాకు ఆ పూట తిండి సహించదు. ఇల్లూ వాకిలీ ఊడ్చే ఆడవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కోకో తోటను ఊడ్చే మనిషి మాత్రం ఆ కొండవాలులో ఆమె ఒక్కతే. రాలిన ఆకులు, గింజలు తీశాక మిగిలిన తొక్కలు, అన్నీ పోగేసి నిప్పు పెట్టేది. చర్చికి పోయే జనం ఆగి మెచ్చుకుంటే వినీ విననట్టు చీపురు ఇంకాస్త జోరుగా ఆడించేది.

భర్త సెవెరో ఉన్నన్నాళ్లూ ఆమె ఆటలు సాగలేదు. "ఆ చెత్త జోలికి పోకే. అందులో మన పనివాళ్లున్నారు," అని చెట్టుకు ఆనుకుని చుట్ట వెలిగించేవాడు. సోమరికి సాకులు కరువా అనుకునేది ఒతీలియా. ఆయన్ని సమాధి చేసి వచ్చిన నెలలోనే తోటలో చీపురు పట్టింది.

కాపు తగ్గడం అప్పటినుంచే. కోకో పూలు మానుకే పూస్తాయి. పూత విరగబూసేది, పిందె పట్టకుండానే రాలిపోయేది. మూడో ఏడు మరిది బెనిగ్నో వచ్చి చెట్లన్నీ కలియజూశాడు.

"ఈసారీ కాయకపోతే నరికేసి అరటి పెడదాం వదినా. ఉత్త మానుల్ని ఎన్నాళ్లు మేపుతాం?"

ఆమెను కుంగదీసింది గొడ్డలి ఒక్కటే కాదు. పాస్టరుగారు ఫలించని చెట్టు గురించి చెప్పిన ఆదివారం ఆమె తలెత్తలేదు. అది తన గురించేనని, తనలో ఎక్కడో మురికి మిగిలిపోయిందని, అందుకే దేవుడు తోట మీద చెయ్యి తీసేశాడని గట్టిగా నమ్మింది. ఉపవాసాలు పెంచింది. కాఫీ మానేసింది. నవ్వడం ఎప్పుడో మానేసింది కాబట్టి ఆ బాధ లేదు. తోటను పొద్దునా సాయంత్రం ఊడ్చింది.

ఆ రోజుల్లోనే పక్కింటి నెరేయిదా కంచె దగ్గరికి వచ్చింది. పెళ్లి లేకుండా పాస్కువాల్‌తో కాపురం, పొద్దస్తమానం రేడియో, దానికి తోడు ఊరంతా వినబడే నవ్వు.

"అత్తా, ఆదివారం నేనూ చర్చికి వస్తా. నీ పక్కన కూర్చోనిస్తావా?"

"ముందు పెళ్లి కానియ్. ఆ రేడియో కట్టెయ్. శుభ్రంగా కడుక్కుని రా, అప్పుడు చూద్దాం."

"అన్నీ నేనే కడుక్కుంటే ఇంక ఆ దేవుడితో పనేముంది అత్తా?" అని నవ్వుకుంటూ పోయింది నెరేయిదా. ఎంత పొగరు అనుకుంది ఒతీలియా.

ఆ వేసవిలో చికున్‌గున్యా ఊరి మీద పడింది. ఒతీలియా కీళ్లన్నీ బిగుసుకుపోయాయి. పాక్కుంటూ పోయి చీపురు అందుకుందిగానీ వేళ్లు ముడుచుకోలేదు. పిలవకుండానే కోడి పులుసు గిన్నెతో వచ్చింది నెరేయిదా.

"నోరు తెరువు."

"నేను తాగగలను."

"తాగు మరి."

గిన్నె చేతిలోంచి జారి ఒళ్లంతా ఒలికింది.

"అయిందా పౌరుషం? ఇంకా ఉందిలే కుండలో. తెరువు."

ఒతీలియా నోరు తెరిచింది. స్నానానికి, తల దువ్వడానికి, పక్క మీద ఒత్తిగిలడానికి కూడా ఆ చెయ్యే దిక్కయింది. జ్వరం పోయినా నొప్పులు నెలల తరబడి వదల్లేదు. మోకరించలేకపోయింది. అన్నిటికన్నా ఘోరం, ప్రార్థన రాలేదు. ఊరందరి కోసం గంటలకొద్దీ ప్రార్థించిన నోట ఒక్క ముక్క పలకలేదు.

"ప్రార్థన కూడా రావట్లేదే," అంది ఒకరోజు, గోడవైపు తిరిగి.

"నాకసలు చెయ్యడమే చేతకాదు." నెరేయిదా ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ అత్త మహా మొండిది. అయినా నీ మనిషే. నువ్వే చూసుకో. అంతే."

తన కోసం ఇంకొకరు దేవుణ్ణి అడగ్గా ఒతీలియా విని ఎన్నేళ్లయిందో. దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చింది.

కాలు సాగిన మొదటి రోజు చీపురు తలకిందులుగా పట్టి, దాని కర్ర ఊతంగా తోటలోకి వెళ్లింది. నేల కనబడలేదు. మడమలు మునిగేలా ఆకులు, కుళ్లి నల్లబడిన తొక్కలు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అప్పుడు మాను వైపు చూసింది. ఒక పిందె. దాని పైన ఇంకొకటి. పక్క చెట్టుకు, దాని పక్క చెట్టుకు, వేలెడంత పచ్చటి పిందెలు.

కర్రతో ఆకులు కదిపింది. ఆవగింజలో సగం లేని ఈగలు గుంపుగా లేచి పూల మీద వాలాయి.

సెవెరో చెప్పిన పనివాళ్లు, పూలకు పుప్పొడి మోసి పిందె పట్టించేవాళ్లు. ఆ చెత్తే వాళ్ల ఇల్లు. మూడేళ్లు ఆ ఇల్లు తగలబెట్టి, కాపెందుకు ఇవ్వవని దేవుణ్ణి నిలదీసింది తను. ఆకుల్లోనే కూలబడింది. "ప్రభువా," అంది, "ఈ కాపులో నా చెయ్యేం లేదు." అన్ని రోజులుగా రాని ప్రార్థన అదే. ఆ మాట అనగానే గుండె తేలికపడింది.

"అత్తా! ఆ చెత్తలో కూర్చున్నావేంటి?" కంచె దాటి పరుగున వచ్చింది నెరేయిదా. "చీపురు ఇటివ్వు, నేను ఊడ్చేస్తా."

"ఆకు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!"

నెరేయిదా నోరెళ్లబెట్టింది. ఒతీలియా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినబడింది.

"ఆదివారం నాతో రా."

"పెళ్లి ఇంకా కాలేదు అత్తా. రేడియో కూడా ఆపలేదు."

"తెలుసు. నా చెవులకేం జ్వరం రాలేదు. రా."

"కడుక్కోకుండానే?"

ఒతీలియా తన అరచేతుల వైపు చూసుకుంది. కుళ్లిన ఆకులు అంటుకుని ఉన్నాయి. తుడుచుకోకుండానే ఒక చెయ్యి పైకి చాపింది.

"ముందు నన్ను లేపవే. నా అంతట నేను లేవలేను."